గుండు దట్టించడానికి రివాల్వర్ మీది లివరా, విడి ప్రెస్సా?

పోయిన నెల మా మేనల్లుడు డాలస్ నుంచి రెండు ఫొటోలు పంపాడు. ఒకటి చెక్క స్టాండు. తూటా పట్టని పాతకాలం తరహా రివాల్వర్‌ను గొట్టం పైకి ఉండేలా అందులో నిలబెట్టి, తుపాకీ మందు పోసి, తుపాకీకి ఉన్న లివరుతోనే గుండు దించుకోవచ్చు. రెండోది ఇత్తడి ప్రెస్సు. గుండ్లు పట్టే ఆరు గదుల సిలిండర్‌ను తుపాకీ నుంచి ఊడదీసి దాని మీద కూర్చోబెట్టి పిడి కిందికి లాగితే గుండు గదిలోకి దిగుతుంది. కింద ఒక్కటే లైను: "మామా, రెండిట్లో ఏది కొనమంటావు?"

"ముందు నీది కోల్టా, రెమింగ్టనా చెప్పు" అన్నాను.

"దానికీ దీనికీ ఏంది మామా సంబంధం?" అన్నాడు.

సంబంధమంతా అక్కడే ఉంది. కోల్ట్, రెమింగ్టన్ రెండూ పాతకాలం అమెరికన్ రివాల్వర్ రకాలు, సిలిండర్ ఊడే తీరు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. నేను హ్యూస్టన్‌లో ఉద్యోగం చేసిన 14 ఏళ్లలో చాలా ఆదివారాలు తుపాకీ కాల్చే రేంజిలోనే గడిచాయి. చేతిలో ఇటలీ కంపెనీ పియెట్టా వాళ్లు చేసిన 1858 రెమింగ్టన్ నకలు ఉండేది. ఇప్పుడు కావలిలో స్థిరపడ్డాను. ఆ తుపాకీ అక్కడే వదిలేసి వచ్చాను, కానీ టెక్సాస్‌లో ఉన్న మన నెల్లూరు, ఒంగోలు పిల్లలు ఈ ప్రశ్న అడగడం మానలేదు. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పే కంటే ఒకసారి రాసి పెడదామనిపించింది.

మొదట చట్టం మాట

ఇదంతా అమెరికాలో ఉంటూ, అక్కడి రేంజిలో కాల్చేవాళ్ల కోసం. ఇక్కడ నెల్లూరులోనో ఒంగోలులోనో ఇలాంటి రివాల్వర్ లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచుకుంటే 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం. "పాతకాలం మోడల్ కదా, తూటా కూడా పట్టదు కదా" అంటే ఎవరూ వినరు. అది కాలుతుంది, కాబట్టి తుపాకీయే. సెలవుకు వచ్చేటప్పుడు మందు, క్యాపులు (సుత్తి తగలగానే నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీలు) విమానంలో తేవాలన్న ఆలోచన కూడా వద్దు. చేతి సంచిలోనే కాదు, పెద్ద పెట్టెలో కూడా అవి నిషేధం.

అమెరికాలో 1968 నాటి ఫెడరల్ చట్టం 1898 వరకూ వచ్చిన తరహా క్యాపు తుపాకుల నకళ్లను మామూలు తుపాకుల లెక్కలో చేర్చదు. అందుకే అక్కడ కొనడం సులువు. కానీ రాష్ట్రాల చట్టాలు వేరు. న్యూజెర్సీ లాంటి చోట వీటినీ తుపాకులుగానే చూస్తారు. హెచ్-1బీ మీదో, స్టూడెంట్ వీసా మీదో ఉన్న పిల్లలు కొనకముందే ఒక లాయరును అడగండి. ఆ ఫీజు గురించి వెనకాడొద్దు.

ఇంకొక మాట. బ్లాక్ పౌడర్‌ను "నల్లమందు" అని రాయలేను, తెలుగులో నల్లమందు అంటే అభిని. అందుకని ఇక్కడ మందు అన్నప్పుడల్లా తుపాకీ మందు అనే అర్థం.

ఏం చూసి నిర్ణయించుకోవాలి

క్యాపు రివాల్వర్‌లో తూటా ఉండదు. సిలిండర్‌లో ఉన్న ఆరు గదుల్లో ఒక్కోదాంట్లో ముందు కొలిచిన మందు, దాని మీద గ్రీజు పట్టించిన ఫెల్టు బిళ్ల, ఆపైన సీసపు గుండు. చివర్లో గది వెనక నిప్పిల్ అనే చిన్న బోలు ముక్క మీద క్యాపు. గుండు గది కంటే కొంచెం లావుగా ఉంటుంది. 44 క్యాలిబర్ (క్యాలిబర్ అంటే గొట్టం లోపలి కొలత) నకళ్లకు సాధారణంగా 0.451 లేదా 0.454 అంగుళాల గుండు, 36 క్యాలిబర్‌కు 0.375 లేదా 0.380. రూగర్ కంపెనీ వాళ్ల ఓల్డ్ ఆర్మీ మోడల్‌కు 0.457. దాన్ని బలంగా లోపలికి నొక్కినప్పుడు అంచున సన్నటి సీసపు తీగ ఉంగరంలా తెగి పైన పడుతుంది. ఆ ఉంగరం చుట్టూ పూర్తిగా వచ్చిందంటే గుండు గదిని బిగుతుగా మూసిందని అర్థం. అది రాకపోతే పక్క గది మంట ఈ గదిలోకి దూరే ప్రమాదం ఉంది. ఒకేసారి రెండు మూడు గదులు పేలిపోవడాన్నే చైన్ ఫైర్ అంటారు.

మా నాయన చిన్నప్పుడు ఉదయగిరి కొండల వైపు నాటు తుపాకుల్లో మందు పోసి, పీచు కూరి, కడ్డీతో దట్టించేవాళ్లని చెప్పేవాడు. "దట్టించడం" అనే మాట ఈ పనికి అతికినట్టు సరిపోతుంది. వదులుగా పెడితే కుదరదు. గుండుకూ మందుకూ మధ్య ఖాళీ ఉండకూడదు. ఖాళీ ఉంటే ఒత్తిడి లెక్క తప్పుతుంది, తుపాకీకీ చేతికీ ప్రమాదం.

కాబట్టి పనిముట్టు ఏదైనా చేయవలసిన పని ఒక్కటే: ఆరు గుండ్లనూ ఒకే లోతుకు, ఒకే బలంతో, వంకర పోకుండా దించాలి. అది తేలికగా కావాలంటే ఐదు సంగతులు చూసుకోవాలి. మీ తుపాకీ నుంచి సిలిండర్ ఎంత సులువుగా ఊడుతుంది, ఫ్రేము, అంటే తుపాకీ చట్రం, ఉక్కా ఇత్తడా, ఒక రోజులో ఎన్ని సిలిండర్లు కాలుస్తారు, మీ చేతుల బలం ఎంత, మీ రేంజి ఏం ఒప్పుకుంటుంది. ధర నా లెక్కలో ఆరోది. ప్రెస్సులు కొన్ని పదుల డాలర్ల నుంచి వంద పైచిలుకు దాకా ఉంటాయి. తుపాకీ మీదే మూడు నాలుగు వందలు పెట్టినవాళ్లు దీని దగ్గర ఆగక్కర్లేదు.

కోల్టా, రెమింగ్టనా

మిగతా అంతా దీని మీదే నిలబడి ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

రెమింగ్టన్ 1858కి సిలిండర్ పైన కూడా ఇనుప పట్టీ ఉంటుంది. సిలిండర్ మధ్యలోంచి ఒక సన్నటి ఇరుసు పిన్ను వెళుతుంది. క్యాపును కొట్టే సుత్తిని సగం వరకు ఎత్తి పెట్టి, గొట్టం కింది లివర్‌ను కొంచెం దించి, పిన్నును ముందుకు లాగితే చాలు, సిలిండర్ కుడి పక్కకు దొర్లి చేతిలో పడుతుంది. అలవాటైతే నిమిషం కూడా పట్టదు. తిరిగి పెట్టేటప్పుడు మెల్లగా తిప్పుతూ తోయాలి, అంతే.

కోల్ట్ అలా కాదు. 1851 నేవీ అయినా 1860 ఆర్మీ అయినా సిలిండర్ పైన పట్టీ ఉండదు. గొట్టాన్నీ ఫ్రేమునూ కలిపి పట్టుకునేది అడ్డంగా దిగిన ఒక ఉక్కు చీల. ఎడ్లబండి ఇరుసుకు చివర కడసీల ఎలాగో ఇదీ అలాగే అనుకోండి. అది ఊడితే చక్రం పోయినట్టు, ఇది ఊడితే గొట్టమే ముందుకు వచ్చేస్తుంది. సిలిండర్ కావాలంటే చీల తట్టి తీయాలి, గొట్టం లాగాలి, అప్పుడు సిలిండర్ వస్తుంది. బెంచి మీద నాలుగు ముక్కలు. మళ్లీ బిగించేటప్పుడు చీలను ఎంత లోపలికి కొడితే గొట్టానికీ సిలిండర్‌కూ మధ్య సందు అంత తగ్గుతుంది. ఇటలీలో చేసే కోల్ట్ నకళ్లలో, ముఖ్యంగా ఉబెర్టీ వాటిలో, ఇరుసు తన గూట్లో అడుగు దాకా ఆనదు. దాంతో ఈ తేడా మరీ ఎక్కువ. నిన్న సరిగ్గా తిరిగిన సిలిండర్ ఇవాళ గొట్టానికి రాసుకుంటుంది. కాబట్టి కోల్ట్‌లో విడి ప్రెస్సు వాడితే ప్రతి ఆరు గుండ్లకూ ఒకసారి మీ తుపాకీని మీరే కొత్తగా బిగించుకుంటున్నారు.

కోల్ట్‌లో ఒక మంచి గుణమూ ఉంది. దాని ఇరుసు లావు, దాని మీద గ్రీజు నిలిచే గాళ్లు ఉంటాయి. మసి పట్టినా త్వరగా బిగుసుకోదు. రెమింగ్టన్ ఇరుసు సన్నం, నున్నన. రెండు మూడు సిలిండర్లు కాల్చేసరికి మసితో గట్టిపడి తిరగనని మొరాయిస్తుంది. నేను విడి ప్రెస్సుకు మారడానికి సగం కారణం ఇదే. లోడ్ చేయడానికి సిలిండర్ ఎలాగూ బయటికి వస్తుంది కాబట్టి, వచ్చిన ప్రతిసారీ ఇరుసు తుడిచి వేలితో కాస్త గ్రీజు రాసేవాడిని. ప్రెస్సు కొన్నాక నా రెమింగ్టన్ మధ్యలో ఆగిపోయిన రోజు లేదు.

ఒకటి: చేతిలో పట్టుకుని, తుపాకీ లివరుతోనే

తుపాకీతో పాటే వచ్చే పద్ధతి. ఇంకేమీ కొనక్కర్లేదు. నెలకోసారి వెళ్లి రెండు సిలిండర్లు, అంటే 12 గుండ్లు కాల్చి వచ్చేవాళ్లకు ఇది చాలు. కొత్తగా నేర్చుకునేవాళ్లు కూడా మొదటి రెండు మూడు సార్లు ఇలాగే చేయాలని నా పట్టుదల. గుండు గదిలోకి దిగేటప్పుడు చేతికి తెలిసే బిగువు, మందు మీద ఆనినప్పుడు వచ్చే చిన్న ఆగుడు, ఇవి లివరుతో తెలిసినట్టు ఇంకే పనిముట్టుతోనూ తెలియవు.

ఇబ్బంది ఎక్కడంటే, ఒక చేత్తో తుపాకీ, ఒక చేత్తో లివర్, మందు పోసేటప్పుడు మూడో చేయి లేదు. గదులు ఒకదాని తర్వాత ఒకటి నింపాల్సి వస్తుంది: మందు, గుండు, దట్టించు, తిప్పు. ఈ వరసలో మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఒక గది మందు లేకుండానే మూతపడిపోతుంది. నాకు అలాగే అయింది. పక్క బెంచి ఆయన క్రికెట్ గురించి ఏదో అడిగితే జవాబు చెబుతూ నాలుగో గదిలో మందు పోయకుండానే గుండు దించేశాను. క్యాపు టప్పుమంది, గుండు కదల్లేదు. ఆ గుండు బయటికి తీయడానికి నిప్పిల్ విప్పి వెనకనుంచి చిటికెడు మందు వేసి, మళ్లీ నిప్పిల్ బిగించి, క్యాపు పెట్టి రేంజి వైపే కాల్చాల్సి వచ్చింది. ఆ అరగంట పడ్డ టెన్షన్ తర్వాత, గదులన్నీ ఒకేసారి కంటికి కనిపించే పద్ధతి కావాలనిపించింది.

సీసం విషయంలో కూడా ఇక్కడే జాగ్రత్త. గుండు మెత్తటి స్వచ్ఛమైన సీసంతోనే ఉండాలి. కారు చక్రాలకు పెట్టే బరువుల సీసం కరిగించి గుండ్లు పోస్తే అవి గట్టిగా ఉంటాయి, లివర్ పిన్ను వంగుతుంది, స్క్రూ విరుగుతుంది.

రెండు: స్టాండు మీద నిలబెట్టి, అదే లివరుతో

నిజానికి చాలామందికి కావాల్సింది ఇదే, కానీ ఎవరూ దీని గురించి అడగరు. ప్రెస్సు ఫొటో చూడగానే మనసు అటు పోతుంది.

చెక్క స్టాండు తుపాకీని పిడి కిందికి, గొట్టం పైకి ఉండేలా పట్టుకుంటుంది. ఇప్పుడు రెండు చేతులూ ఖాళీ. ఆరు గదుల్లోనూ వరసగా మందు పోసి, పైనుంచి ఒక చూపు చూసి, తర్వాత గుండ్లు దించొచ్చు. నాకు జరిగిన పొరపాటు దీంతో దాదాపు జరగదు. కోల్ట్ వాళ్లకు చీల ముట్టుకునే పనే లేదు.

దీనికి ఒక్కటే నియమం: స్టాండులో పెట్టకముందు ఆరు నిప్పిళ్ల మీదా క్యాపు లేదని వేలితో తడిమి చూడాలి. గొట్టం మీ ముఖం ఎత్తులో ఉంటుంది, దాని మీదకు వంగి చూడకూడదు. పక్కనుంచి చూడాలి.

ఇంతకు మించి దీనిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. లివర్ అదే, నొక్కే బలమూ అదే, ఫ్రేము మీద పడే ఒత్తిడీ అదే.

మూడు: విడి ప్రెస్సు

జంతికల గొట్టం తెలుసు కదా. పిండి గొట్టంలో, పైన మర, తిప్పితే సమానంగా దిగుతుంది. లోడింగ్ ప్రెస్సు ఆ జాతి పనిముట్టే, మరకు బదులు లివర్. బెంచికి బిగించే పెద్దవి ఉంటాయి, సంచిలో పెట్టుకునే చిన్నవీ ఉంటాయి.

దీని బలం మూడు చోట్ల కనిపిస్తుంది.

మొదటిది, తుపాకీ మీద ఒత్తిడి పోతుంది. ఇత్తడి ఫ్రేము రివాల్వర్లు ఉన్నవాళ్లకు ఇది ముఖ్యం. చవకగా దొరుకుతాయని చాలామంది మొదట అవే కొంటారు. ఇత్తడి మెత్తన. ఎక్కువ మందుతో కాలుస్తూ పోతే ఫ్రేము సాగుతుంది, సిలిండర్ వెనక్కి కొట్టే చోట గుంట పడుతుంది. దానికి అసలు మందు మోతాదు తగ్గించుకోవాలి, అది వేరే సంగతి. కానీ లివరుతో పడే ఒత్తిడినైనా ప్రెస్సు తీసేస్తుంది.

రెండోది చేతులు. ఐదు సిలిండర్లు అంటే 30 గుండ్లు. ప్రతి గుండుకూ లివర్ బలంగా లాగాలి. 50 దాటినవాళ్లకు, కీళ్ల నొప్పులున్నవాళ్లకు మూడో సిలిండర్ నుంచే మణికట్టు చెబుతుంది. ప్రెస్సు పిడి పొడవు కాబట్టి అదే పని రెండు వేళ్ల బలంతో అయిపోతుంది.

మూడోది సమానత్వం. అంతర్జాతీయంగా జరిగే ఒక క్యాపు రివాల్వర్ పోటీలో 25 మీటర్ల దూరంలో 30 నిమిషాల్లో 13 గుండ్లు కాల్చాలి, వాటిలో మేలైన 10 లెక్కకు వస్తాయి. అలాంటి లెక్కలో కాల్చేవాళ్లకు ప్రతి గుండూ ఒకే లోతున ఉండటం కాగితం మీద కనిపిస్తుంది. గొట్టం కిందుండే సందులో పట్టని పొడవాటి మొనగుండ్లు వాడాలనుకునేవాళ్లకూ ప్రెస్సే దారి.

ఇక నష్టాలు. కోల్ట్ చీల గోల పైన చెప్పాను. దాని తర్వాత నాకు ఎక్కువ బాధగా అనిపించేది ఈ సులువే. పిడి పొడవు కాబట్టి ఎంత బలంగా నొక్కుతున్నామో చేతికి తెలియదు. అసలు బ్లాక్ పౌడర్‌కూ, దానికి బదులు వాడే పైరోడెక్స్‌కూ గట్టిగా దట్టించడం మంచిదే. అలాగే బదులు వాడే ఇంకో మందు ట్రిపుల్ సెవెన్‌కు అలా కాదు, దాన్ని తేలికగా మాత్రమే అదమాలి, మోతాదు కూడా బ్లాక్ పౌడర్ కొలత కంటే 15 శాతం తగ్గించాలి. ప్రెస్సు కొన్న మొదటి రోజే పిడి మొత్తం బరువేసి నొక్కేవాళ్లను చూశాను. మెత్తటి గుండు పైభాగం చదునైపోతుంది. కాబట్టి మొదట లివరుతో నేర్చుకున్న ఆ ఆగుడును ఇక్కడ కూడా వెతుక్కోండి. గుండు మందు మీద ఆనింది, ఇంకొంచెం అదిమితే సరి, ఆపేయాలి.

చేతి నుంచి జారడం ఇంకో ప్రమాదం. నా సిలిండర్ ఒకసారి సిమెంటు నేల మీద పడింది. క్యాపులు లేవు కాబట్టి ఏమీ కాలేదు, కానీ వెనక పళ్లలో ఒకటి నలిగి, ఆ గది దగ్గరకు వచ్చేసరికి సిలిండర్ సరిగ్గా ఆగేది కాదు. అప్పటి నుంచి బెంచి మీద పాత తువ్వాలు పరిచి పెట్టేవాడిని.

కొనేటప్పుడు ఇవి చూడండి. సిలిండర్ కూర్చునే చోట బరువు దాని వెనక భాగం మీద పడాలి, నిప్పిళ్ల మీద కాదు. మధ్య పిన్ను మీ తుపాకీకి సరిపోవాలి, రెమింగ్టన్ రంధ్రం సన్నం, కోల్ట్‌ది లావు. గుండును నొక్కే కడ్డీ కొన 44కు వేరు, 36కు వేరు, గుండ్రటి గుండుకు గిన్నెలా లోతుగా ఉండాలి. కోల్ట్‌లోనే పెద్ద మోడల్ వాకర్ సిలిండర్ మిగతా వాటికంటే పొడవు, అది పట్టని ప్రెస్సులున్నాయి. లోహం ఇత్తడో అల్యూమినియమో అయితే మంచిది, మందు దగ్గర నిప్పురవ్వ రాదు, తుప్పు పట్టదు. తుమ్మలపెంట బీచి వైపు ఇళ్ల కిటికీ ఊచలు ఎలా ఉంటాయో చూసినవాళ్లకు ఉప్పు గాలి గురించి చెప్పక్కర్లేదు. గాల్వెస్టన్ వైపు ఉండేవాళ్లకూ అదే గాలి. పైగా మందు మసి గాలిలో తేమను లాక్కుంటుంది, అందుకని ప్రెస్సును కూడా ఆ రోజే వేడి సబ్బునీళ్లతో కడగాలి.

నాలుగు: ప్రెస్సుతో పాటు అదనపు సిలిండర్లు

పియెట్టా, ఉబెర్టీ నకళ్లకు విడి సిలిండర్లు దొరుకుతాయి, వంద డాలర్లకు అటూ ఇటూ. రెండు మూడు ఉంటే బెంచి దగ్గర అన్నీ నింపి పెట్టుకుని వరసగా మార్చుకుంటూ కాల్చొచ్చు. రెమింగ్టన్ ఉండి, రోజుకు 40, 50 గుండ్లు కాల్చేవాళ్లకు ఇంతకు మించిన హాయి లేదు. కానీ కొన్న సిలిండర్ మీ ఫ్రేముకు సరిగ్గా ఆగుతోందో లేదో ఖాళీగా తిప్పి చూశాకే వాడాలి. ఒకే కంపెనీదైనా అన్నీ ఒకేలా కూర్చోవు.

దీనిలో మనసుకు తట్టని చిక్కు గ్రీజుది. గుండు పైన గ్రీజు రాసే అలవాటుంటే, నింపి పెట్టిన సిలిండర్ డబ్బాలో దొర్లి గ్రీజు అంతా నిప్పిళ్లకు అంటుకుంటుంది. టెక్సాస్ ఎండకు కరిగి కారుతుంది కూడా. అదనపు సిలిండర్లు వాడేవాళ్లు గుండు కింద ఫెల్టు బిళ్లకు మారక తప్పదు. ఆ బిళ్ల గ్రీజు రోజుల తరబడి మందును ఆనుకుని ఉంటే మందులోకి ఇంకుతుంది, కాబట్టి ముందు వారం ఇంట్లో నింపి పెట్టుకోవడం మంచిది కాదు. రేంజికి వెళ్లాకే నింపండి, ఆ రోజే కాల్చేయండి.

సినిమాల్లో క్యాపులతో సహా సిద్ధంగా ఉన్న సిలిండర్‌ను జేబులోంచి తీసి టక్కున మార్చేస్తారు. అది ఎప్పుడూ చేయొద్దు. క్యాపు పెట్టిన సిలిండర్ గొట్టం లేని తుపాకీ. కింద పడి ఒక క్యాపు నేలకు తగిలితే గుండు ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. సిలిండర్ తుపాకీలోకి వెళ్లాక, తుపాకీ టార్గెట్ వైపు ఉన్నాకే క్యాపులు. కొన్ని రేంజిల్లో కాల్పుల గీత దగ్గర తప్ప వేరే చోట మందు నింపనివ్వరు, ప్రెస్సు కొనేముందు ఆ సంగతి కనుక్కోండి.

| | చేతిలో లివర్ | స్టాండు, లివర్ | విడి ప్రెస్సు | ప్రెస్సు, అదనపు సిలిండర్లు |
|---|---|---|---|---|
| కోల్ట్ | పర్వాలేదు | అన్నిటికంటే మేలు | చీల వల్ల ఇబ్బంది | వద్దు |
| రెమింగ్టన్ | పర్వాలేదు | మంచిదే | చాలా మంచిది | ఎక్కువ కాల్చేవాళ్లకు మేలు |
| ఇత్తడి ఫ్రేము | తక్కువ మందుతోనే | తక్కువ మందుతోనే | మేలు, తక్కువ మందుతోనే | అవసరం లేదు |
| చేతుల శ్రమ | ఎక్కువ | ఎక్కువ | చాలా తక్కువ | చాలా తక్కువ |
| మందు మరిచే ప్రమాదం | ఉంది | తక్కువ | తక్కువ | తక్కువ |
| సామాను | లేదు | కొంచెం | ఓ సంచి | పెట్టె నిండా |

ఎవరికి ఏది

రెమింగ్టన్ ఉండి, ఒక్కసారి వెళితే మూడు సిలిండర్లు దాటి కాల్చేవాళ్లు ప్రెస్సు కొనండి, ఇంకో ఆలోచన వద్దు. అదనపు సిలిండర్ ఆరు నెలల తర్వాత చూసుకోవచ్చు.

కోల్ట్ వాళ్లకు నా సలహా స్టాండే. అయితే కోల్ట్ ఫ్రేము ఇత్తడిది అయి ఉంటే, లేదా కీళ్ల నొప్పులుంటే, చీల బాధ పడైనా ప్రెస్సు వాడటమే నయం. అలా వాడేవాళ్లు చీల ప్రతిసారీ ఎంత లోపలికి వెళుతోందో దాని మీద ఒక సన్న గీత గీసుకుని అక్కడి వరకే తట్టండి. ఇనుప సుత్తి కాకుండా చెక్క సుత్తి వాడండి.

రూగర్ ఓల్డ్ ఆర్మీ 1972 నుంచి 2008 దాకా తయారైంది. అది దొరికిన అదృష్టవంతులకు లివర్, ఫ్రేము రెండూ గట్టివి. చేతులు బాగుంటే ప్రెస్సు అవసరం లేదు. కాకపోతే 0.457 గుండు బిగువు ఎక్కువ, అది మాత్రం గుర్తుంచుకోండి.

తక్కువ మందుతో నిదానంగా, కాగితం మీద గురి కోసం కాల్చేవాళ్లు ఒకటి గమనించాలి. 44లో 30 గ్రెయిన్లకు బదులు 20 పోస్తే, అంటే రెండు గ్రాముల చోట గ్రాము పావు దాకా పోస్తే, గుండు గదిలో లోతుకు వెళ్లిపోతుంది. లివర్ గానీ ప్రెస్సు కడ్డీ గానీ అంత లోతుకు చేరకపోతే మందుకూ గుండుకూ మధ్య ఖాళీ మిగిలిపోతుంది. అక్కడి వాళ్లు ఈ ఖాళీలో గోధుమ రవ్వ పోస్తారు. మన ఇంట్లో ఉప్మా రవ్వ లాంటిదే. మందు మీద రవ్వ, రవ్వ మీద గుండు. గుండు గది మూతి దగ్గరికి వస్తుంది, గురి కూడా బాగుంటుంది. కానీ గుండు సిలిండర్ ముఖం కంటే కాస్త లోపలే ఉండాలి, బయటికి పొడుచుకొస్తే సిలిండర్ గొట్టానికి తగిలి తిరగదు. మోతాదు మాత్రం మీ తుపాకీతో వచ్చిన పుస్తకంలో రాసిన హద్దులోనే ఉండాలి. డబ్బాలోంచి నేరుగా గదిలోకి మందు పోయొద్దు. గదిలో ఎక్కడైనా నిప్పురవ్వ మిగిలి ఉంటే డబ్బా మొత్తం చేతిలోనే అంటుకుంటుంది. వేరే కొలత గిన్నెలోకి తీసుకుని పోయాలి.

మా మేనల్లుడిది 1851 నేవీ అని తేలింది, ఉబెర్టీ వాళ్లది, ఉక్కు ఫ్రేము. నెలకు ఒక్కసారి వెళతాడు, మూడు సిలిండర్లు కాలుస్తాడు. ఇత్తడి ప్రెస్సు మీద చాలా ఆశ పెట్టుకున్నాడని గొంతులోనే తెలిసింది. అయినా స్టాండు కొనమన్నాను. కొన్నాడు. పోయిన ఆదివారం ఫొటో పంపాడు: స్టాండులో నిలబెట్టిన తుపాకీ, ఆరు గదుల్లో ఆరు మందు మట్టాలు సమానంగా, నిప్పిళ్లు ఖాళీగా. "క్యాపులు ఇంకా డబ్బాలోనే ఉన్నాయి మామా" అని కింద రాశాడు.